జున్ను పరిగెత్తేకి ఒక కంచె కావాల

మా జున్నుకి మూడేండ్లు. తల్లి ముధోల్ జాతి అని గట్టిగా తెలుసు, తండ్రి ఎవరో తెలీదు. ఒళ్లంతా జున్ను రంగు కాబట్టి ఆ పేరు పెట్టినాం. పొడుగు కాళ్లు, లోపలికి పోయిన కడుపు, కొత్తగా చూసినోళ్లు "ఏమప్పా, దానికి కూడు పెట్టడం లేదా" అని నన్ను నిలదీస్తారు. రెండు పూటలా కడుపు నిండా తింటుంది, ఆ జాతే అంత. కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా ముధోల్ దగ్గరి వేటకుక్కలు అవి. ముక్కు కంటే కన్ను ఎక్కువ పనిచేస్తుంది, దూరంగా ఏదన్నా కదిలితే చాలు చెవులు నిక్కబొడుచుకుంటాయి, ఇంక మన మాట దానికి వినపడదు. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద స్టాంపులు వేసింది, వాటిల్లో ముధోల్ కూడా ఉండాది. ఆ బొమ్మ మా నాయనకి చూపిస్తే అప్పట్నుంచి దాన్ని కొంచెం మర్యాదగా చూస్తున్నాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇట్లాంటి కుక్కని బెల్టు కట్టి పొద్దున గంట, సాయంత్రం గంట నడిపిస్తే దానికి నడక అవుతుంది గానీ పరుగు అవ్వదు. దానికి కావాల్సింది రెండు మూడు నిమిషాలు ఒళ్లు విరుచుకుని గుండ్రంగా ఒకటే పరుగు, నాలుక బయటేసుకుని మళ్లీ ఒకటి, తర్వాత వచ్చి కాళ్ల మీద పడిపోవడం. ఆ పరుగు దొరకని వారం ఇంట్లో దాని అవస్థ చూడలేం. తలుపు గీకుతుంది, చెప్పులు కొరుకుతుంది, రాత్రి రెండు గంటలకి లేచి హాల్లో అటూ ఇటూ తిరుగుతుంది.

బెంగళూరులో ఉన్నన్నాళ్లు ఈ బాధ తెలీలేదు. అక్కడ చుట్టూ మెష్ కట్టి, గంటకింత అని తీసుకుని కుక్కల్ని ఇడిచిపెట్టనిచ్చే ప్రైవేటు పార్కులు ఉన్నాయి, శనివారం సాయంత్రం ఒక స్లాట్ బుక్ చేసుకుని పోయేవాన్ని. ఇప్పుడు వర్క్ ఫ్రం హోమ్ దొరికింది, అమ్మకి మోకాళ్లు బాలేవు, అందుకని రెండేండ్ల కింద అనంతపురం వచ్చేసినా. మాది రుద్రంపేట వైపు. ఇల్లు విశాలమే, కానీ ముందర నాలుగు అడుగుల కాంపౌండ్ గోడ, జున్ను దాన్ని పరుగు కూడా తీయకుండా నిలబడి దూకేస్తుంది. వచ్చిన మొదటి వారంలోనే రెండుసార్లు దూకి పక్కవీధిలో పిల్లిని తరుముకుంటూ పోయింది. "గొలుసేసి కట్టేయరా, మన ఊర్లో కుక్కలన్నీ అట్లనే కదా ఉండేది" అనింది అమ్మ. కుక్కని పొట్టి గొలుసుతో గంటలు గంటలు కట్టేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమమ్మా అంటే నమ్మలేదు, ఫోన్లో సెక్షన్ 11 తీసి చదివి వినిపించినా. చట్టం సంగతి అట్లుంచితే, కట్టేసి పెంచిన కుక్కే మనుషుల మీదికి ఎక్కువ ఎగబడుతుంది, మీ వీధిలో మొరిగే కుక్కల్ని ఒకసారి గమనించండి.

సరే, జాగా యాడ దొరుకుతుందా అని చూస్తే మొదట అందరూ చెప్పింది గ్రౌండ్. ఊర్లో పెద్ద పెద్ద గ్రౌండ్లు ఉన్నాయి కదా, పొద్దున్నే అయిదింటికి పోతే ఎవరూ ఉండరు, ఇడిచిపెట్టేయ్ అని. పోయినా. మూడు రోజులు బాగానే జరిగింది. నాలుగో రోజు చీకట్లో ఒక పెద్దాయన శాలువా కప్పుకుని వాకింగ్‌కి వస్తున్నాడు, గాలికి ఆ శాలువా కొస ఎగిరింది, అంతే, జున్ను ఆ చివర నుంచి ఈ చివరకి బాణంలా వచ్చేసింది. కరవలేదు, ముట్టుకోను కూడా లేదు, ఆయన చుట్టూ ఒక చుట్టు తిరిగి తోక ఊపింది. కానీ ఆయన భయానికి వెనక్కి అడుగేసి కింద పడినాడు. మోచెయ్యి గీసుకుపోయింది. నేను పరిగెత్తుకుంటా పోయి లేపితే ఆయన నన్ను తిట్టలేదు, వణుకుతా "నాయనా, నాకు చిన్నప్పుడు కుక్క కరిచింది, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేసినారు" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉండాది. ఆయన్ని ఇంటిదాకా బండి మీద దింపి వచ్చినా.

"మా కుక్క ఏమీ చెయ్యదు" అనే మాట ఆ రోజు నుంచి నేను నోటితో అనడం మానేసినా. మన కుక్క ఏం చేస్తుందో మనకి తెలుసు, ఎదురుగా వచ్చే మనిషికి ఎట్ల తెలుస్తుంది? ఆయనకి గుర్తొచ్చేది ఆ పద్నాలుగు సూదులే. కంచె లేని జాగాలో బెల్టు ఇప్పడం నా కుక్క మీద ప్రేమ అనుకున్నా, అది ఆ పెద్దాయన నడకని లాక్కోవడం అని అర్థమయింది. అందుకే అప్పట్నుంచి నా వెతుకులాట అంతా కంచె కోసమే. పచ్చగడ్డి, కుర్చీలు, ఆట సామాన్లు ఏవీ లేకపోయినా పర్వాలేదు, చుట్టూ కంచె, మూసుకునే గేటు ఉంటే చాలు.

మొదట కనపడింది బాక్స్ క్రికెట్. ఇప్పుడు ఊర్లో ఈ టర్ఫులు చాలా వచ్చినాయి, చుట్టూ నెట్, పైన నెట్, చూస్తే కుక్కల కోసమే కట్టినట్లుంది. ఒక తమ్ముణ్ణి బతిమాలి మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు డబ్బులు కట్టి పోయినా, పది నిమిషాల్లో తిరిగి వచ్చేసినా. ఆ ప్లాస్టిక్ గడ్డి మామూలు గడ్డిలాగ కాదు, ఎండకి పెనంలా కాలుతుంది. చేయి వెనక వైపు అయిదారు సెకన్లు నేల మీద పెట్టి చూడండి, మీకు ఓర్చుకునేకి కాకపోతే కుక్క పాదాలకీ కాదు. మన ఊర్లో ఏప్రిల్ వస్తే 40 దాటుతుంది, తారు రోడ్డు, సిమెంటు, టర్ఫు ఈ మూడూ కుక్కకి నిప్పులే. రాత్రిపూట వద్దామంటే అప్పుడేమో మ్యాచ్‌లు. పైగా అక్కడ అది ఉచ్చ పోస్తే మర్నాడు పిల్లలు అదే గడ్డిలో పడి బాలు ఆపాలి, అది న్యాయం కాదు.

తర్వాత వెంచర్లు. హైవే పక్కన, కళ్యాణదుర్గం రోడ్డు వైపు లేఅవుట్లు వేసి గోడ కట్టి ఆర్చి పెట్టి ఒక్క ఇల్లు కూడా లేవకుండా ఏండ్ల తరబడి ఉన్నవి చాలా ఉన్నాయి. బయటనుంచి చూస్తే అద్భుతంగా ఉంటాయి. లోపలికి పోతే వెనక వైపు గోడ ఉండదు, లేదా గొర్రెలు వచ్చేకి ఎవరో ఒక బొక్క కొట్టి పెట్టుకుని ఉంటారు. కాబట్టి ఎవరన్నా వెంచర్ చూపిస్తే ముందు కుక్క లేకుండా ఒక్కరే పోయి చుట్టూ నడిచి రండి, మొత్తం ఒక రౌండు. నేను ఆ పని చెయ్యలేదు, దానికి ఫలితం అనుభవించినా. జున్ను ఆ బొక్కలోంచి బయటపడి నేరుగా గొర్రెల మందలో దూరింది. మన జిల్లాలో గొర్రెల మంద అంటే ఒక కుటుంబం బతుకు, పరుగులో ఒక చూడిగొర్రె పడిపోతే ఆ నష్టం ఎవరు తీరుస్తారు. దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు, మంద మాత్రం చెల్లాచెదురైంది. ఆ కాపరి అన్న, నేనూ కలిసి గంటన్నర తిరిగి మొత్తం పోగేసినాం. ఆయన లెక్కపెట్టేంతసేపూ నా గుండె ఆగిపోయింది. లెక్క సరిపోయినాక ఆయన చెప్పిన మాట, "కుక్క తప్పు కాదప్పా, గొర్రె ఉరికితే కుక్క ఉరుకుతుంది, నువ్వు కదా చూసుకోవాల్సింది." నిజమే.

బెల్టు ఇప్పి చేలల్లో వదలండి అని సలహా ఇచ్చేవాళ్లకి ఇంకో రెండు విషయాలు. చెనక్కాయ పీకేసినాక చేలు ఖాళీగా మైదానంలా కనపడతాయి కానీ అక్కడ జింకలు తిరుగుతాయి, నెమళ్లు తిరుగుతాయి. కృష్ణజింకని తరిమితే అది వన్యప్రాణి చట్టం కింద పెద్ద కేసు, అంతకంటే ముఖ్యం, బెదిరిన జింక ఆ భయానికే చచ్చిపోగలదు. రెండోది, అడవిపందుల కోసం కొందరు పొలాల చుట్టూ నేరుగా కరెంటు తీగ లాగుతారు. అది చట్టవిరుద్ధం, మనుషులే పోతున్నారు దానికి. సోలార్ జట్కా మెషీన్ వేరు, అది ఒక దెబ్బ కొట్టి వదిలేస్తుంది, డైరెక్ట్ లైన్ వదలదు. తెలియని చేనులో కుక్కని అస్సలు ఇడవొద్దు. గట్టులేని పాడు బావులు, ఉచ్చులు, పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు, రక్తపింజర్లు, ఇవన్నీ కూడా ఉన్నాయి.

ఇంక ఆశ వదులుకుందామనుకుంటున్నప్పుడు జాగా దొరికింది, అదీ మా నాయన వల్ల. బుక్కరాయసముద్రం దాటినాక ఆయన స్నేహితుడికి ఒక చీనీ (బత్తాయి) తోట ఉండాది, నేను మామా అని పిలుస్తా. పందులు రాకుండా, కాయలు పోకుండా తోట చుట్టూ చైన్‌లింక్ మెష్ వేయించినాడు, ఆరడుగులు, కింద ఒక జానెడు మట్టిలో పూడ్చి మరీ. కొన్నేండ్ల కింద ఒక బోరు ఎండిపోయి ఒక మూల చెట్లన్నీ నిలువునా మాడిపోతే పీకేసినాడు, అరవై సెంట్లు దాకా ఖాళీగా పడి ఉండాది. పది పన్నెండేండ్లు పెంచిన చెట్లు. ఆ జాగా చూపిస్తున్నప్పుడు మామ గొంతు మారింది. "ఊరికే ఉండాది కదప్పా, దాన్నన్నా పరిగెత్తనీ" అన్నాడు.

ఆ రోజు బెల్టు ఇప్పినప్పుడు జున్ను ముందు నమ్మలేదు. నా పక్కనే పది అడుగులు నడిచింది, నా ముఖం చూసింది. నేను పో అన్నా. ఆ తర్వాత ఎర్రమట్టి లేచింది. కంచె వెంబడి పెద్ద వలయం, నడుం వంగి, నాలుగు కాళ్లు ఒక్కసారి గాల్లో ఉండేది కంటికి కనపడుతుంది, మలుపు దగ్గర దాదాపు పడుకుని తిరిగేది. మా నాయన గట్టు మీద కూర్చుని "ఇది కుక్కా, లేడా" అన్నాడు. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. మూడు నెలల తర్వాత దొరికిన పరుగు అది.

డబ్బులిస్తానంటే మామ తీసుకోలేదు. బదులుగా ఆయన ఈ-క్రాప్ (పంట నమోదు), ఈ-కేవైసీ, కరెంటు బిల్లు, ఫోన్ పనులన్నీ నేను చూసిపెడతా. మందు కొట్టే ముందు రోజు ఆయన ఫోన్ చేసి చెప్తాడు, ఆ వారం మేం పోము. డ్రిప్ పైపులు కొరకకుండా ఖాళీ జాగాకి, చెట్లకి మధ్య పాత షేడ్‌నెట్ కట్టినాం. ఇట్లాంటి ఏర్పాటు మీ ఊర్లో కూడా కుదురుతుంది, అడగాల్సింది కంచె వేసుకున్న రైతుని, నర్సరీ వాళ్లని, మామిడి తోట ఉన్న బంధువుని. కల్యాణమంటపాల వాళ్లని కూడా నేను అడిగినా, మూఢం రోజుల్లో పెండ్లిండ్లు ఉండవు కదా, ఒకాయన రెండు ఆదివారాలు ఇచ్చినాడు కూడా, గోడలు ఎత్తే కానీ నేలంతా బండలు, జారి పడుతోందని మానుకున్నా.

గేటు గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే కుక్కలు తప్పించుకునేది కంచె మీదుగా కంటే గేటు దగ్గరే. బెంగళూరు పార్కుల్లో రెండు గేట్లు ఉండేవి. మొదటి గేటు తీసి లోపలికి వస్తే ఒక చిన్న గదిలాంటి జాగా, ఆ గేటు మూసినాకే రెండోది తీయాలి, బెల్టు ఇప్పేదీ కట్టేదీ ఆ మధ్యలోనే. రెండూ ఒకేసారి తెరుచుకోవు కాబట్టి ఏ కుక్కా సందు చూసుకుని బయటపడలేదు. మామ తోటలో ఒకటే గేటు. దాని లోపలి వైపు ఆరడుగుల దూరంలో రెండు గుంజలు పాతి, గొర్రెల దొడ్డికి కట్టే తడిక తెచ్చి కట్టినాం. వెదురు, తాడు ఉంటే చాలు, తాపీమేస్త్రీ అక్కర్లేదు, ఒక పూట పని. ఆ తడిక వచ్చినాక నాకు భయం పోయింది. ఒకసారి మామ కోడలు సద్ది తీసుకుని వచ్చి పెద్ద గేటు తీసింది, జున్ను ఉరికింది, తడిక దగ్గర ఆగింది. అది లేకపోతే ఆ రోజు హైవే మీద ఉండేది.

ఇప్పుడు మేం ఒక్కరమే కాదు. ఒక లాబ్రడార్, రెండు వీధికుక్క పిల్లలు పెంచుకున్నవి, ఒక చిన్న పొమేరియన్ కూడా వస్తాయి. పొమేరియన్‌ని మాత్రం జున్నుతో కలిపి ఇడవం. వేటజాతి కుక్కకి ఉరికే చిన్న బొచ్చు జంతువు కుందేలులా కనపడటానికి ఒక్క క్షణం చాలు, స్నేహం ఎంతున్నా సరే. అందుకే పెద్ద పార్కుల్లో చిన్న కుక్కలకి వేరే భాగం ఉంటుంది. తిండి, బాల్ లోపలికి తేవొద్దని మా మధ్య మాట, కొట్లాటలు మొదలయ్యేది అక్కడే. ఎదలో ఉన్న ఆడకుక్కని ఆ మూడు వారాలు తీసుకురావొద్దు.

టీకాల విషయంలో మేం ఎవరికీ మొహమాటపడం, కార్డు చూపించాల్సిందే. రేబీస్ మూడు నెలల వయసులో ఒకటి, తర్వాత బూస్టర్, ఆపైన ఏటేటా. జులై 6 జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకి సోకే రోగాల దినం) నాడు పశువుల ఆసుపత్రుల్లో రేబీస్ టీకా ఫ్రీగా వేస్తారు, తెలీక చాలామంది వదిలేస్తున్నారు. కుక్కపిల్లల్ని వాటి టీకాల కోర్సు పూర్తి కాకుండా అసలు నాలుగు కుక్కలు తిరిగే మట్టిలోకి తేకండి, వాటి ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కి లొంగదు. ఇంకోటి పిడుదులు. గొర్రెలు, కుక్కలు తిరిగే ఊరు మనది, పరుగు అయినాక చెవుల వెనక, వేళ్ల సందుల్లో, తోక కింద వేలు పెట్టి వెతకాలి. పోయిన ఏడాది లాబ్రడార్‌కి పిడుదు జ్వరం వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కులో రక్తం కారింది, నాలుగు వారాలు మాత్రలు వాడితే బతికింది. అన్నం మానేసి మగతగా పడుకుంటే ఎండ దెబ్బలే అనుకోకుండా రక్త పరీక్ష చేయించండి.

హైదరాబాద్ కొండాపూర్‌లో జీహెచ్ఎంసీ వాళ్లు 2018లో కుక్కల పార్కు తెరిచినారు. పోయిన ఏడాది పని మీద పోయినప్పుడు అదొకటే చూడాలని పోయినా. విస్తీర్ణం 1.3 ఎకరాలు, అంటే మన లెక్కలో ఎకరా ముప్పై సెంట్లు. ఒకప్పుడు చెత్త పోసే జాగా అది. అమెరికాలో బర్కిలీ అనే ఊర్లో 1979లోనే ఓలోనీ డాగ్ పార్క్ వచ్చింది, భూమి కింద రైలు మార్గం వేసేకి ఇండ్లు తీసేసినాక మిగిలిన నేల మీద అది. రెండు చోట్లా ఎవరికీ అక్కరకు రాని జాగాలే. మన ఊర్లో అట్లాంటి మున్సిపల్ బిట్లు లేవా, కంపచెట్లు మొలిచి, పగలు చెత్త, రాత్రి సీసాలు పడేవి? వాటిల్లో ఒక యాభై సెంట్లు చాలు.

మామ తోట మామది. రేపు ఇంకో బోరు పడి నీళ్లు వస్తే ఆ మూల మళ్లీ చీనీ మొక్కలు నాటుతాడు, నాటాల కూడా, నాకూ అదే కోరిక. అందుకే అర్జీ ఒకటి రాసినా, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చేకి. ఆరడుగుల మెష్, రెండు గేట్లు, చిన్న కుక్కలకి వేరే భాగం, ఒక కొళాయి, నాలుగు వేపచెట్లు, టీకా కార్డు ఉన్న కుక్కలకే లోపలికి, పొద్దున సాయంత్రం రెండేసి గంటలు. కుక్కలంటే భయపడేవాళ్లకి మిగతా పార్కులన్నీ బెల్టు లేని కుక్కలు లేకుండా ఉంటాయని కూడా రాసినా, ఆ పెద్దాయన్ని తలుచుకుని. అమ్మ చదివి, కంచె బయట వైపు రెండు బెంచీలు కూడా అడగమనింది, మోకాళ్లు నొప్పి ఉన్నోళ్లు కూర్చుని చూసేకి. చేర్చినా. ఇప్పటికి పదకొండు సంతకాలు ఉన్నాయి. అనంతపురంలో ఉండి ఇది చదివే వాళ్లు, కుక్క ఉన్నా లేకున్నా, సోమవారం పొద్దున పదింటికి కలెక్టరేట్ గేటు దగ్గరికి రండి, నేను అర్జీ పట్టుకుని నిలబడి ఉంటా.